పెన్సిళ్ల తాత

పాప ఆరో ఏట మొదటిసారి తెలుగులో నోరు విప్పింది. అదీ ఒక పెద్దాయన్ని వెక్కిరించడానికి.

అంతవరకూ తల్లి చెయ్యని ప్రయత్నం లేదు. భర్తది వేరే భాష. వీధిదీ బడిదీ కూడా ఆ భాషే. ఆ ఇంట్లో తెలుగు వచ్చింది తనొక్కతెకే. కడుపులో ఉన్నప్పటి నుంచీ పాపతో తెలుగే మాట్లాడింది. కథలు చెప్పింది, బతిమాలింది, ఒకటి రెండుసార్లు అలిగింది కూడా. పాపకి అన్నీ అర్థమయ్యేవి. జవాబు మాత్రం నాన్న భాషలోనే వచ్చేది.

కన్నకూతురి నోట తన మాట వినాలని ఆమెకి ప్రాణం కొట్టుకునేది. ఎవరూ లేనప్పుడు వంటింట్లో గిన్నెలతో మాట్లాడుకునేది. గిన్నెలు కనీసం వేరే భాషలో బదులివ్వవు.

ఒక శనివారం బట్టలుతికే దుకాణంలో, మిషన్ తిరుగుతుంటే, ఏదో తోచి పాప చెవిలో గుసగుసగా చెప్పింది.

"మన మాట ఇక్కడ ఎవరికీ రాదు. మనం ఏమన్నా ఎవరికీ తెలీదు."

పాప కళ్లు పెద్దవయ్యాయి. దుకాణం నాలుగు మూలలా చూసింది. కౌంటర్ వెనక దుకాణం ముసలాయన దుప్పటి మడతపెడుతున్నాడు. మాట పొదుపు మనిషి. ఎన్ని బట్టలో చెబితే తలూపి, చీటీ మీద నంబరు రాసి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుంటాడు. అంతే.

"అమ్మా, ఆ తాత చెవిలో పెన్సిల్ మొలిచింది."

తల్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముసలాయన దుప్పటి అంచులు కలుపుకుంటూ ఉండిపోయాడు.

పై శనివారం ఆయన రెండు చెవుల మీదా రెండు పెన్సిళ్లున్నాయి.

"అమ్మా, ఇంకోటి మొలిచింది."

ఆనాటి నుంచి ఆయన పెన్సిళ్ల తాత అయిపోయాడు. శనివారం ఎప్పుడొస్తుందా అని పాప వేళ్లు మడిచి లెక్కపెట్టేది. ఒక వారం ఆయన ఒక కాలికి ఎర్ర మేజోడు, ఇంకో కాలికి పచ్చది తొడుక్కొచ్చాడు. ఒక వారం స్వెటర్ తిరగేసి వేసుకున్నాడు. ఒకసారైతే దుకాణం లోపలే గొడుగు వేసుకుని, ఒంటిచేత్తో తువ్వాళ్లు మడిచాడు.

మనిషికి కాస్త మతి తప్పుతోందని తల్లి జాలిపడింది. పాపకి మాత్రం చెప్పలేనంత సంబరం. గొడుగునేమంటారు, తిరగెయ్యడాన్నేమంటారు అని ముందే అడిగి సిద్ధం చేసుకునేది. అలా మాటకు మాట చేరింది. ఏడాది తిరిగేసరికి దుకాణంలో మొదలైన కబుర్లు ఇంటికొచ్చినా ఆగడం లేదు. బడిలో ఎవరు ఏడ్చారో, ఎవరు ఎవర్ని గిచ్చారో, అన్నీ తెలుగులోనే.

"పెద్దవాళ్లని అలా అనకూడదు నాన్నా" అని తల్లి ఒకసారి మందలించింది.

"ఆయనకి తెలీదు కదమ్మా" అంది పాప.

ఆ జవాబు కూడా తెలుగులోనే వచ్చేసరికి, మందలింపు కాస్తా ముద్దయింది.

ఒక శనివారం పాప నవ్వకుండా ఆయన్నే చాలాసేపు చూసింది.

"అమ్మా, ఈ తాతకి మాట్లాడ్డానికి ఎవరూ లేరా?"

ముసలాయన చేతిలోని దిండు గలీబు జారి కిందపడింది. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. పెద్ద వయసు కదా అనుకుంది తల్లి.

తర్వాత మూడు వారాలు దుకాణం మూసి ఉంది.

నాలుగో శనివారం కౌంటర్ వెనక ఒక నడివయసావిడ నిలబడి ఉంది. ముసలాయన కూతురట. నాన్న నిద్రలోనే పోయాడని వీధి భాషలో చెప్పింది.

"తాత ఇంక రాడా అమ్మా?" అని పాప తల్లి చెయ్యి పట్టుకుంది.

ఆ మాట విని కౌంటర్ దగ్గరి ఆవిడ ఉలిక్కిపడింది. పాప వైపు చూసి, సొరుగులోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. నాన్న రాసుకున్నదనీ, ఇంట్లో ఎవరికీ చదవడం రాదనీ చెప్పింది. చిన్నప్పుడు ఆయన తన భాషలో పలకరిస్తే చెవులు మూసుకునేదట. కొన్నాళ్లకి ఆయన పిలవడం మానేశాడట. ముసలితనంలో శనివారం సాయంత్రాలు మాత్రం హుషారుగా ఇంటికొచ్చి, వంటింట్లో తనలో తనే ఏదో మాట్లాడుకునేవాడట.

తల్లి పుస్తకం తెరిచింది. గుండ్రటి తెలుగు అక్షరాలు.

ఆమెకి పెన్సిళ్లు, మేజోళ్లు, గొడుగు, తామిద్దరూ ఇన్నాళ్లూ ఆయన ఎదుటే నవ్వుకున్న నవ్వులు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అర్థం తర్వాత చెబుదురుగాని," అంది ఆవిడ, "ముందు పైకి చదవండి. ఆ మాటలు ఒక్కసారి వింటాను."

పాప తల్లిని మెల్లిగా మోచేత్తో పొడిచింది.

"చదువమ్మా."

చదివింది.

'ఈ వారం రెండు పెన్సిళ్లు పెట్టుకోవాలి. పాప ఏమంటుందో.'

'ఎర్ర మేజోడు, పచ్చ మేజోడు. చూడగానే కనిపెట్టింది.'

'గొడుగు బాగా పనిచేసింది. ఆగకుండా తొమ్మిది మాటలు అంది. తల్లి మొహం చూడాలి.'

చివరి పేజీలో అక్షరాలు కాస్త వణికాయి.

'మాట్లాడ్డానికి ఎవరూ లేరా అని అడిగింది పాప. లేరు తల్లీ, అనబోయి నాలుక కరుచుకున్నాను. నాకు తెలుగు వచ్చని తెలిస్తే, పాప మళ్లీ నోరు మూసుకుంటుంది.'