మెడ మీది ముడి

సఖినేటిపల్లి రేవులో పడవ నడిపే మా ఆయనకు చిన్నప్పటినుంచీ ఒళ్ళంతా పులిపిర్లే. వెంట్రుక కడితే పులిపిరి ఊడిపోతుందంటారు; ఒకరోజు చూస్తే మెడ వెనకున్న పెద్దదానికి నల్లటి వెంట్రుక బిగించి కట్టి ఉంది.

నాది కాదు. నా జుట్టు పీచు. ఇది నిగనిగలాడుతోంది. తన మెడ వెనక తను కట్టుకోలేడు కదా! అవతలి ఒడ్డున, నరసాపురంలో ఎవతో కట్టింది.

నేను అడగలేదు. అడిగితే పేరు చెబుతాడని భయం. ఏడాదిపాటు వీపు రుద్దలేదు. పాత వెంట్రుక తెగితే కొత్తది కనబడేది.

పులిపిరి పుండయ్యాక అమలాపురం తీసుకెళ్ళాను. ముక్క కోసి పరీక్ష చేయించారు. కేన్సరట.

"కొందరి పులిపిర్లలో వైరసు, ఎండతో కలిసి ఇలా చేస్తుందేమోనంటున్నారు. ఇంకా తేల్లేదు," అన్నారు డాక్టరుగారు. "ఈ వెంట్రుక ఎవరు కట్టేరు?"

"నరసాపురం జట్కా తాతగారండి. ఆయన గుర్రం తోకదేనండి," అన్నాడు మా ఆయన.

ఏడాదిగా గుండెలమీదున్న బండ దిగిపోయింది. నవ్వు కూడా వచ్చింది.

"మొదట్లోనే తెస్తే కోసి తీసేసేవాళ్ళం. పుండు పెరగడం చూడలేదా అమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"రోజూ చూసేదాన్నండి," అన్నాను.

చూసింది వెంట్రుకనేనని చెప్పలేకపోయాను.