తమ్ముడు ముట్టని నీళ్లు

భార్యకు మతి చలించిన సంగతి అత్తవారు పున్నయ్యకు చెప్పలేదు. అరవై ఎనిమిది వేసవిలో, బాపట్లలో పుట్టింట ఉన్న అనసూయను తీసుకెళ్లి తెనాలిలో వైద్యానికి చేర్పించారు. నెల తర్వాత రేపల్లెలో కొట్టు దగ్గర ఎవరో అనుకుంటుంటే అతని చెవిన పడింది. చూడటానికి వెళితే, తేరుకున్నాక కబురు చేస్తామని గడపలోంచే పంపేశారు.

ఇవాళ చీకటి పడ్డాక బావమరిది శివరామయ్య వచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు.

"మీ అక్క ఎట్లా ఉంది?"

"కులాసానే. తెల్లారి బండికి ఒకసారి రావాలి బావా."

"లోపలికొచ్చి చెప్పు. చుట్టానివా, తపాలా బంట్రోతువా?"

"ఇక్కడే ఉంటాలే."

పున్నయ్య చెంబుతో మంచినీళ్లు తెచ్చాడు. శివరామయ్య చెయ్యి చాపలేదు. చావు కబురు తెచ్చినవాడే గడప తొక్కడు, నీళ్లు ముట్టడు.

"ఇదైనా నోరు విప్పి చెప్పవేంటయ్యా?"

శివరామయ్య తల వంచుకున్నాడు. వీధిలో అలికిడి లేదు. ఇంట్లో పున్నయ్య ఒక్కడే.

వంటింట్లో మూత చప్పుడైంది.

"తమ్ముడు తాగడులెండి," అంది అనసూయ గొంతు.

శివరామయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "లోపల ఎవరు బావా?"

పున్నయ్య చెంబు గడప మీద పెట్టి తలుపు మూసుకున్నాడు.