పావుగంట మలుపు

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకుని, కుర్చీలో కూర్చుని, అక్కడ లేని లారీని నడుపుతున్నారు మామగారు. ఆయన ముప్పయ్యేళ్ళుగా ఊళ్ళోని కొట్లకి సరుకు చేరవేస్తున్న డ్రైవరు. పాఠం చెప్పే లెక్చరరు ఆయన కోడలే. ఆయనకి కనిపిస్తున్న వీధులన్నీ పెద్ద తెర మీద విద్యార్థులూ చూస్తున్నారు.

"పన్నెండు కొట్లకీ దగ్గరి దారి కంప్యూటర్ చూపిస్తోంది, మావయ్యగారూ. మీరు మాత్రం రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్ళండి," అంది కోడలు.

ఏడో కొట్టు దాటగానే ఆయన లారీని ఎడమ సందులోకి తిప్పి ఆపేశారు. కంప్యూటర్ లబోదిబోమంది.

"ఇక్కడ దింపే సరుకేం లేదు కదండీ?"

"అదేనమ్మా అనుభవమంటే! ఆ వేళకి బడి వదుల్తారు, రోడ్డంతా కిటకిటలాడిపోతుంది. ఇక్కడ పావుగంట ఆగితే అక్కడ అరగంట కలిసొస్తుంది. రాసుకోండి, రాసుకోండి!"

విద్యార్థులు బుద్ధిగా రాసుకున్నారు.

ఆ ఉత్సాహంలో ఆయన అలవాటు కొద్దీ కిటికీలోంచి చెయ్యి బయటికి చాచారు. గాల్లో ఏదో అందుకున్నారు. వేళ్ళు నోటిదాకా వచ్చాక గానీ తనెక్కడున్నదీ గుర్తు రాలేదు.

కోడలు ఫోను తీసింది.

"దొరికిందత్తయ్యా! మావయ్యగారి షుగరు ఎందుకు దిగట్లేదో తెలిసింది. ఏడో కొట్టు పక్కసందులో మిఠాయి దుకాణం."

అత్తగారి గొంతు ల్యాబంతా వినిపించింది.

"నే చెప్పలా? ఇంట్లో నిలదీస్తే నోరు విప్పరు. నలుగురికీ పాఠం చెప్పమంటే మాత్రం ఆయన ఆగలేరు!"