ఐదు జతలు

"ఎరుపు వద్దు" అన్నాడు డ్వేన్.

క్రిస్టా ఎర్ర స్వెట్టర్ మడిచి మంచం చివరికి నెట్టేసింది. ఎందుకని అడగలేదు. అడిగితే నీలం గౌను కూడా పోతుంది.

శనివారం ఉదయం. మంచం నిండా బట్టలు. డ్వేన్ వంటింటి కుర్చీ తెచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు, చేతిలో కాఫీతో. భార్య మార్లిస్ ఒక్కో జత ఎత్తి చూపిస్తోంది. కూతురు క్రిస్టా తండ్రి మొహం చూస్తోంది. ఆ ఇంట్లో అద్దంతో పని లేదు. ఎవరు ఎలా ఉన్నారో డ్వేనే చెబుతాడు.

ఊళ్ళో అడగండి, బంగారం అంటారు. జిల్లా పోలీసు అధికారి షెరిఫ్ కింద డెప్యూటీ. చలికాలం వస్తే ముసలమ్మల వాకిళ్ళలో మంచు ఎత్తిపోస్తాడు. ఆ ముసలమ్మలెవరూ ఈ ఇంట్లో ఒక్క పూట ఉండి చూడలేదు. హాల్లో క్యాలెండర్‌ని నెలలు మారినా ఎవరూ కదపరు. దాని వెనక గోడకి పిడికిలంత బొక్క ఉంది.

"ఒక్క ఫొటోకి ఇన్ని బట్టలేంటే?"

"ఒక్కటి కాదు నాన్నా. హైస్కూలు ఆఖరేడు కదా, పూటంతా తీస్తారు. అందరూ నాలుగైదు జతలు పట్టుకెళ్తున్నారు. హైడీ అయితే గుర్రాన్నే తీసుకెళ్ళింది."

"గుర్రానికెన్ని జతలో?"

క్రిస్టా నవ్వింది. అతను నవ్వడం లేదని చూసి ఆపేసింది.

నెలాఖరులోగా ఫొటో ఇవ్వాలి. ఇవ్వకపోతే, ఆఖరేడు పిల్లలందరి ఫొటోలూ వేసే స్కూలు పుస్తకంలో క్రిస్టా పేరు పక్కన బూడిదరంగు గడి వేస్తారు. తొంభై నాలుగు బ్యాచ్‌లో మొహం లేనిది ఆమె ఒక్కతే అవుతుంది. ఇప్పటికే రెండుసార్లు బయల్దేరి ఆగిపోయారు. మొదటిసారి అతనికి బట్టలు నచ్చలేదు. రెండోసారి మార్లిస్ మొహం బయటికి తీసుకెళ్ళేలా లేదు.

"ఆ ఫొటోగ్రాఫర్ ఎవడు?"

"ఆవిడ. పేరు లవాన్. కెర్నీలో ఉంటుంది" అంది మార్లిస్.

"నంబరివ్వు."

మార్లిస్ చీటీ ఇచ్చింది. అతను లేచి వంటింటి గోడ మీది ఫోను ఎత్తాడు. పోయినేడు పియానో టీచరుతో కూడా ఇలాగే రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆవిడ మళ్ళీ వాళ్ళ గడప తొక్కలేదు.

"డెప్యూటీ డ్వేన్ ష్రోడర్‌ని. మా వాళ్ళు ఐదు జతలంటున్నారు, దేనికి?... ఊఁ... సరే, చలికోటు దేనికి?... ఓహో, మంచు తెర ముందా... కుక్కా? కుక్కనెందుకు?... తల్లీకూతుళ్ళది కూడానా?" గోడకి ఆనుకున్నాడు. "సరే. అయితే నేనే తీసుకొస్తా వాళ్ళని."

మార్లిస్ మడిచిన గౌనునే విప్పి మళ్ళీ మడిచింది.

అవతల లవాన్ ఏదో చెబుతూ పోయింది. డ్వేన్ నిటారుగా నిలబడ్డాడు. పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"యూనిఫాంలోనా?... టోపీ కూడానా?... రేపా? వీళ్ళతో కలిపి కాకుండా విడిగానా?... అంతేలే, అంతే."

ఫోను పెట్టేసి వచ్చాడు. "తండ్రుల ఫొటోలు ఆదివారమట. లైట్లన్నీ ఒక్కడి మీదే పెట్టాలట. ఆవిడకి పని తెలుసు."

"రేపటికి నీ చొక్కా ఇస్త్రీ చేయనా?" అంది మార్లిస్.

"నేనే చేసుకుంటా. నువ్వు చేస్తే మడతలు పోవు. నీ చలికోటు కూడా పెట్టుకో. కూతురు కోటేసుకుని నువ్వు పక్కన వణుకుతూ నిలబడితే నన్నేమనుకుంటారు?"

కోటు తనే తెచ్చి పెట్టెలో కుక్కాడు.

క్రిస్టా పెట్టెలోకి తొంగిచూసింది. "మేజోళ్ళు ఇన్నెందుకమ్మా?"

"కూర్చుంటే కాళ్ళు కనబడతాయిగా."

"బిస్కట్ వద్దే అమ్మా. కుక్క బొచ్చంతా గౌనుకి అంటుతుంది."

"ఉండనీ. ఆవిడ దాన్నీ తెమ్మంది."

డ్వేన్ పెట్టె కారులో పెట్టి మైళ్ళ మీటరు మీదికి వంగి చూశాడు. "రానూ పోనూ ఎనభై మైళ్ళు. మూడింటికల్లా ఇంట్లో ఉండాలి."

"అలాగే" అంది మార్లిస్.

ఊరు దాటాక షెరిఫ్ ఆఫీసు తెల్ల కారు ఒకటి వెంటపడింది. మొక్కజొన్న చేల మధ్య మైళ్ళకు మైళ్ళు, ఎక్కువా కాదు తక్కువా కాదు, ఒకే దూరంలో వస్తోంది. క్రిస్టా వెనక్కి తిరిగి చూసింది.

"నాన్నతో పనిచేసే రస్ బాబాయిలా ఉన్నాడమ్మా. చెయ్యి ఊపనా?"

మార్లిస్ చేతి వేళ్ళు స్టీరింగు మీద తెల్లబడ్డాయి. "ఊపు. నవ్వుతూ ఊపు."

క్రిస్టా పళ్ళన్నీ కనబడేలా నవ్వి చెయ్యి ఊపింది. జిల్లా సరిహద్దు దాకా వచ్చి ఆ కారు వెనక్కి తిరిగింది. అప్పటిదాకా మార్లిస్ కనురెప్ప కొట్టలేదు. తర్వాత అద్దం దించి రోడ్డు దుమ్ములోనే గుండె నిండా గాలి పీల్చుకుంది. పాపం, ఫొటో అంటే అమ్మకి కూడా ఇంత భయమా అనుకుంది క్రిస్టా.

కెర్నీలో ఓ సందు చివరి ఇల్లు. కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి.

"బోర్డు లేదేంటమ్మా?"

"ఇంట్లోనే నడుపుతుంది."

అరవై ఏళ్ళ లావుపాటి మనిషి, ఇంటి చెప్పులతోనే బయటికొచ్చింది. ముందు కుక్కని లోపలికి తోలింది. తర్వాత పెట్టె అందుకుంది. అందరూ లోపలికి రాగానే తలుపుకి రెండు గడియలూ వేసింది. హాల్లో రెండు పక్కలు పరిచి ఉన్నాయి.

క్రిస్టా గౌను జేబులోంచి కాగితం తీసింది. "ముందు ఏ జత వేసుకోమంటారండీ? నాన్న వరస రాసిచ్చాడు."

లవాన్ ఆ కాగితం అందుకుని, చదవకుండానే నాలుగు ముక్కలు చేసింది.

"నీకు నచ్చింది వేసుకో తల్లీ, నా దగ్గర కెమెరా లేదు."