ఇంకొక్క కోత

"ఎవడు మేడం దీన్ని అతికింది? వాని చేతులిరగ."

కట్టయ్య ఆ ఇనుప పళ్లేన్ని వెలుతురుకు పట్టి తిప్పాడు. పాత ఫియట్ కారు చక్రం నడిమి భాగం. బోల్టులెక్కే పొక్కలన్నీ కంపెనీ వేసినవే. చుట్టూ ఉండే రిమ్ము తుప్పు పడితే పారేసి కొత్తది కొనొచ్చు. ఈ పళ్లెం ఏ దుకాణంలోనూ దొరకదు. దీన్నే కొత్త రిమ్ములో కూర్చోబెట్టి వెల్డింగ్ చేయాలి. వరంగల్‌లో కంప్యూటర్ మిషన్లు పెట్టుకున్న మెకానిక్కులు బోలెడు. ఈ పని మాత్రం వాళ్లకు చేతకాదు. శివనగర్ కట్టయ్య షెడ్డుకే రావాలి.

"ఒక ముసలాయన చేసిండు మేస్త్రీ," అంది స్రవంతి.

"ఇంకోపారి వానికియ్యకుండ్రి. చక్రం ఊగితె బండిల కూసున్నోళ్ల పానం పోతది. కోసినోళ్లకు మాత్రం చెయ్యి తిరిగింది. ఎంత సాఫ్‌గ కోసిండ్రో సూడుండ్రి."

స్రవంతి తల తిప్పుకుంది.

కట్టయ్య అంచును వేలితో తడిమాడు. "ఎన్నిమాట్ల కోసిండ్రు? అరిగి కాయితమైంది. కడమ మూడేవి?"

"తుక్కుల పోయినయి. ఇదొక్కటే మిగిలింది. ఎట్లనన్న నిలబెట్టాలె."

"ఇయ్యాల నిలబెడత. ఇంకొక్క కోతకు ఆగుతదేమో. ఆ మీద ఇది గూడ తుక్కే."

"తుక్కయితే?"

"ఏమున్నది? మీకు బండి లేదు, నాకు పని లేదు. పని లేకుంటె పొద్దంత గోడకేసి సూస్త కూసుంట. అదొక్కటి నాతోని కాదు మేడం."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఇనుపముక్క కోసం ఇంత ఏడుపేమిటో కట్టయ్యకు అర్థం కాలేదు. పాత బండ్ల పిచ్చోళ్లు ఇంతే అనుకున్నాడు.

"కొత్త రిమ్మంటిరి. రంగు పచ్చిగున్నదేంది?"

"జల్ది జల్ది తెచ్చిన మేస్త్రీ."

"ఆ మెయిన్ స్విచ్ కాడికెల్లి జర జరుగుండ్రి. కరెంటుతోని పరాచికమా?"

ఆమె జరగలేదు.

డోర్నకల్ వైపు రైలొకటి పోయింది. షెడ్డు రేకులు అదిరాయి. అది దాటేదాకా ఆగి కట్టయ్య వెల్డింగ్ రాడ్డు అందుకున్నాడు. పొద్దుటి నుంచి వణుకుతున్న చెయ్యి, రాడ్డు పట్టగానే నిలబడింది. నాలుగు దిక్కులా చిన్న అతుకులు వేశాడు. సుత్తితో తట్టాడు. చుట్టూ పూర్తి చేశాడు.

చల్లారాక చక్రాన్ని స్టాండుకు ఎక్కించి తిప్పాడు. అంచుకు సుద్దముక్క ఆనించాడు. చక్రం సక్రమంగా ఉంటే చుట్టూ గీత పడాలి.

ఒక పక్కనే పడింది.

కట్టయ్య సంతోషంగా నవ్వాడు. "సూసిండ్రా ఎట్ల తిరుగుతాందో? ఆ ముసలోడు ఏడుంటడో చెప్పుండ్రి. పోయి నేర్పొస్త."

స్రవంతి ఊగుతున్న చక్రాన్నే చూస్తూ నిలబడింది.

"మీ అంత సక్కగ ఎవ్వలు చెయ్యరు మేస్త్రీ."

"నా బిడ్డ సూస్తే సంబరపడేది. అన్నం తెస్తనన్నది, ఇంకా రాలే. మీరు పోండ్రి, బండికి బిగించుకోండ్రి."

ఆమె మెయిన్ స్విచ్ కట్టేసి, చక్రాన్ని దొర్లించుకుంటూ బయటికి నడిచింది.

ఆ సాయంత్రం, తనను గుర్తుపట్టడం మానేసిన తండ్రి రేపు మళ్లీ రాడ్డు పట్టుకోవాలని, స్రవంతి ఇంటి పెరట్లో కూర్చుని ఆయన పెట్టిన అతుకును గ్రైండర్‌తో కోసింది.