సంకుంగ్ గోళీ

పెద్ద వరదకి నీటిగుర్రాలు వేరుశనగ గోదాం దాకా వచ్చాయి కదా, ఆ తర్వాత మూడో ఏడు. దేశాధ్యక్షుడి ఎన్నికలు.

ఊరు రెండయింది. రోడ్డుకి ఇటువైపు నీలం, అటువైపు ఎరుపు. టీ కాచే పొయ్యిలు కూడా రెండయ్యాయి. రెండు చోట్లా కూర్చుని తాగేవాడు సంకుంగ్ ఒక్కడే.

"నీలంవాళ్ళు రోడ్డేశారు, నిజమే. ఎరువులు మింగారు, అదీ నిజమే," అనేవాడు. "ఎర్రవాళ్ళ మాటలు బాగున్నాయి. మాట్లాడేటప్పుడు వాళ్ళ కళ్ళే బాగోలేవు."

"మరి ఎవరికేస్తావు?"

"ఇంకా తెలీదు."

నిజంగానే తెలీదు. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

మా దగ్గర ఓటంటే గోళీ. గదిలో రెండు రంగుల పీపాలుంటాయి. నచ్చిన పీపా గొట్టంలో గోళీ వేస్తే లోపల గంట ఒక్కసారి మోగుతుంది. ఏ పీపాలో మోగిందో బయటివాళ్ళకి తెలీదు. కానీ ఊరు చిన్నది. ఇంటింటికీ లెక్క కట్టేశారు. అటు అరవై ఒకటి, ఇటు అరవై ఒకటి. తేలనిది సంకుంగ్ గోళీ ఒక్కటే. పొద్దు వాలాక అక్కడే లెక్కపెట్టి చెప్తారు. ఎవరికి ఒకటి ఎక్కువొస్తే వాళ్ళకి వేసినట్టే. ఊరందరి ఓటూ గుట్టే, అతనిది తప్ప.

సంకుంగ్ అన్న మలాంగ్ నీలం. వాళ్ళమ్మ ఉండేది అన్న ఇంట్లోనే. రోజూ తెల్లవారగానే సంకుంగ్ సజ్జ జావ గిన్నెతో వెళ్ళి, ఆమె గది బయట ఒక దగ్గు దగ్గేవాడు. "వచ్చావా," అనేది లోపల్నించి. ఈమధ్య అతను తాగిస్తే తప్ప ఏదీ తాగడం లేదు.

"ఎర్ర పీపాలో ఒక్క గోళీ ఎక్కువ కనపడిందో, నా కంచె దాటి లోపలికి రాకు," అన్నాడు మలాంగ్. "అమ్మ పోయాక కబురు పంపుతాను. అప్పుడు రా."

వియ్యంకుడు ఫోదే ఎరుపు. సంకుంగ్ కూతురు తీడా ఆ ఇంటి కోడలు. నెలలు నిండుతున్నాయి.

"బావగారూ, గోడ మీద పిల్లిలా ఎన్నాళ్ళు కూర్చుంటారు? ఎటో ఒకవైపు దూకండి," అని నవ్వాడు ఫోదే. నవ్వు ఆపి, "నీలం వైపు దూకితే మాత్రం మీ అమ్మాయిని కూడా తీసుకుని దూకండి. బిడ్డ పుట్టాక బిడ్డని మాకు పంపండి," అన్నాడు.

సంకుంగ్ రెండు పొయ్యిల దగ్గరికీ వెళ్ళడం మానేశాడు.

ఓట్ల ముందురోజు పొద్దున జావ తాగుతూ అమ్మ అడిగింది.

"తీడా వాళ్ళది ఏ రంగురా?"

"ఎరుపమ్మా."

"దాన్ని పంపించేస్తారటగా."

"నీకెవరు చెప్పారు?"

"గోడలకి చెవులుంటాయి. నాకుండవా?"

"నువ్వు జావ తాగు," అన్నాడు.

ఓట్ల రోజు మలాంగ్ అమ్మని గాడిదబండి ఎక్కించి, తలకి నీలం గుడ్డ చుట్టి తీసుకొచ్చాడు.

"తప్పుకోండి, తప్పుకోండి! మా అమ్మ గోళీ వస్తోంది!"

ఆమె లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ గంట మోగలేదు.

"ఓ మలాంగ్! మీవాళ్ళు ఎరువులు మింగినట్టు ముసలమ్మ గోళీ మింగేసిందేమో చూడు!" అన్నాడు ఎర్రవాళ్ళలో ఒకడు. వరస వరసంతా నవ్వింది. నీలంవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు.

గంట మోగింది. అమ్మ బయటికొచ్చింది. వరసలో నిలబడ్డ సంకుంగ్ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

చివర్న సంకుంగ్ వెళ్ళాడు. పీపాల మీద నాయకుల బొమ్మలు ఉన్నాయి. అతనికవి కనపడలేదు. ఒకదాని మీద అమ్మ కనపడింది, ఒకదాని మీద తీడా. అరచెయ్యి చెమటకి గోళీ జారిపోతోంది. బయట ఎవరూ నవ్వడం లేదు.

గంట ఒక్కసారి మోగింది.

పొద్దు వాలాక గోళీలని చిల్లుకొకటి చొప్పున చిల్లుల పళ్ళెంలో పేర్చి లెక్క చదివారు. నీలం అరవై ఒకటి. ఎరుపు అరవై రెండు.

ఎర్రవాళ్ళ వైపు డప్పులు లేచాయి. ఫోదే పరుగెత్తుకొచ్చి వాటేసుకున్నాడు. "బావగారూ, మనిషంటే మీరే! తీడాని ఇక కాలు కింద పెట్టనివ్వం!"

సంకుంగ్ పళ్ళెం వంకే చూస్తున్నాడు. తర్వాత బండి మీద కూర్చున్న అమ్మ వంక చూశాడు.

మలాంగ్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"తోడబుట్టినవాడి కంటే వియ్యంకుడు ఎక్కువయ్యాడా నీకు? నీ నోటితోనే చెప్పు. ఎర్రలో వేశావా, లేదా?"

అమ్మ బండి పట్టె పట్టుకుని లేవబోయింది. "ఒరేయ్ మలాంగ్..." అంది.

"వేశాను," అన్నాడు సంకుంగ్, ఆమె మాటకి అడ్డొచ్చి. "ఎర్రలోనే వేశాను."

మలాంగ్ కింద ఉమ్మేసి, గాడిదని అదిలించాడు. బండి మలుపు తిరిగేదాకా అమ్మ వెనక్కే చూస్తూ ఉంది.

మర్నాడు తెల్లవారగానే, నీలం పీపాలో గోళీ వేసిన సంకుంగ్ జావ గిన్నె పట్టుకుని వెళ్ళి, అన్న కంచె బయటే నిలబడి, రోజూలాగే ఒక దగ్గు దగ్గాడు.