రెండు వేళ్ళు చాలు

బండి మళ్ళీ పడింది.

ఈసారి నర్సు కూడా దానితో పాటే పడింది. మోచేయి గీసుకుపోయింది. మోకాళ్ళ నిండా మట్టి.

అది పాడుబడ్డ కంకర క్వారీ. ఏడాదికోసారి అక్కడ మోటార్ సైకిల్ పందేలు జరుగుతాయి. మిగతా రోజుల్లో పిట్ట మనిషి కూడా కనబడడు.

కొండ మీది పల్లెలకు నర్సుగా వెళ్తానని ఆమె తనంతట తానే పేరిచ్చింది. ఇంకెవరూ ఇవ్వలేదు. అక్కడికి రోడ్డు లేదు, రాళ్ళ దారే. ఆసుపత్రి వాళ్ళు ఎత్తు చక్రాల మోటార్ సైకిల్ ఒకటి ఇచ్చి, మూడు వారాల గడువు పెట్టారు. ఈ క్వారీ ఎత్తు ఎక్కి చూపించాలి. ఎక్కలేకపోతే ఆ పోస్టే రద్దు.

ఆమెకి ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త వద్దనలేదు. అయొడిన్ సీసా మాత్రం తెచ్చి గుమ్మం పక్కనే పెట్టాడు.

"అలా లేపకు, నడుం పట్టేస్తుంది."

ఉలిక్కిపడి చూసింది. డెబ్బై దాటిన మనిషి. వెలిసిపోయిన చొక్కా. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు.

"సీటుకి వీపు ఆనించు. కుర్చీలో కూర్చున్నట్టు వంగి, కాళ్ళతో వెనక్కి నెట్టు."

అలాగే చేసింది. బండి మాట విన్నట్టు లేచి నిలబడింది.

"మీకు బండ్లు బాగా తెలుసాండీ?"

"పడే బండ్లు తెలుసు," అని నవ్వాడు. "ఏంటి తల్లీ, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు క్లచ్‌ని గుప్పిటతో పట్టుకున్నావు? రెండు వేళ్ళు చాలు. మిగతావి హ్యాండిల్‌ని వదలకూడదు."

రెండు వేళ్ళు వేసింది.

"ఇప్పుడు మెల్లగా వదులు. బండి ముందుకి లాగబోతోంది చూడు, అక్కడ ఆగు. అదీ చోటు. దాన్ని వేళ్ళకి నేర్పు."

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం వచ్చేవాడు.

మొదటి వారమంతా ఒకటే పాఠం. ఆయన నడుస్తాడు, పక్కనే ఆమె బండి నడపాలి. కాలు కింద పెట్టకూడదు, ఆయన్ని దాటకూడదు. యాక్సిలరేటర్ ఒకేలా ఉంచి, వేగమంతా క్లచ్ మీదే.

"ఇంకా నెమ్మదిగా నడిస్తే నేను పడిపోతాను బాబాయ్!"

"మోకాళ్ళ నొప్పులమ్మా. నేనింతే నడుస్తాను."

ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే పడింది.

రెండో వారం ఎత్తు మొదలుపెట్టారు. సగం దాకా బాగానే వెళ్ళేది. అక్కడ గుండె గుభేలుమనేది. యాక్సిలరేటర్ మీది చెయ్యి గబుక్కున తిరిగేది. వెనక చక్రం గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుని కూర్చునేది.

"అందరూ ఇక్కడే తిప్పేస్తారు," అన్నాడు పెద్దాయన. "చక్రం జారితే ఇంకా తిప్పడం కాదు, కాస్త తగ్గించాలి. అప్పుడే మట్టిలో పట్టు దొరుకుతుంది. నిలబడి నడుపు. ఒళ్ళు ముందుకి వాల్చు."

"భయమేస్తోంది బాబాయ్."

"వెయ్యనీ. గుండెలో ఎంతైనా ఉండనీ. కుడిచేతిలోకి మాత్రం రానివ్వకు."

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "మీరెన్ని పందేలు గెలిచారు?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "పొద్దుపోతోంది. ఎక్కు ఎక్కు."

"పెద్ద ఛాంపియనే అయ్యుంటాడు. గొప్పలు చెప్పుకునే రకం కాదు," అని ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది.

పరీక్ష రోజు సగం ఎత్తులో చక్రం జారింది. ఆమె చెయ్యి తిరగలేదు. కాస్త తగ్గించింది. రెండు వేళ్ళు వాటి పని అవి చేసుకున్నాయి. కళ్ళు మూసి తెరిచేలోగా పైన ఉంది.

ఆసుపత్రి వాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దాయన మాత్రం ఎత్తు మొదట్లోనే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"రేపు తెల్లారగానే బయల్దేరమన్నారు. నెలలోపే వచ్చి కనబడతాను బాబాయ్."

"జాగ్రత్త తల్లీ. పడితే కంగారు పడకు. ముందు ఊపిరి తీసుకో, తర్వాత బండి సంగతి చూడు."

నెలలోపు రాలేకపోయింది. వానలు పట్టుకున్నాయి, దారులు తెగిపోయాయి. ఆ నాలుగు నెలల్లో వాగు దాటి వెళ్ళి మూడు కాన్పులు చేసింది. పాము కరిచిన పెద్దావిణ్ణి తన వీపుకి చీరతో కట్టుకుని కొండ దించింది. ప్రతి ఎత్తు దగ్గరా "అందరూ ఇక్కడే తిప్పేస్తారు" అన్న మాట వినిపించేది.

వానలు వెలిసిన వెంటనే క్వారీకి వచ్చింది. సంచిలో తోలు గ్లౌజులు, ఆయన కోసం ఏరి కొన్నవి.

పందేలు దగ్గర పడ్డాయి. క్వారీ వాచ్‌మన్ గుంజలకి రంగు వేస్తున్నాడు. పెద్దాయన ఎక్కడని అడిగింది.

"ఆయనా? వానల్లో పోయాడమ్మా. నిద్రలోనే. ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు."

ఆమె అక్కడే రాయి మీద కూలబడింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయన గెలిచిన కప్పులేమైనా ఉన్నాయా? ఒక్కసారి చూసి వెళ్తాను."

"కప్పులా?" వాచ్‌మన్ కుంచె కింద పెట్టాడు. రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళాడు.

గోడ నిండా పందేల ఫోటోలు. బండి మీదున్న ఒక్కొక్క ముఖాన్నీ వెతికింది. ఎందులోనూ ఆయన లేడు.

"బండి మీద కాదమ్మా, చక్రం వెనక చూడండి."

చూసింది. ప్రతి ఫోటోలోనూ జారిపోతున్న బండి వెనక, ఒళ్ళంతా బురదతో, రెండు చేతులూ ఆనించి పైకి తోస్తున్న ఒకే మనిషి, పెద్దాయన.

"ఆయనకి బండి నడపడం రాదమ్మా," అన్నాడు వాచ్‌మన్. "ఇరవై ఆరేళ్ళు ఆ ఎత్తు దగ్గర నిలబడి, పడ్డవాళ్ళని లేపింది ఆయనే."